ఎర్ర కెనరీకి ఆ ఎరుపు ఎక్కడిది? వెనిజులా ‘కార్డెనలీతో’ గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

గోదారిపిట్ట (హైదరాబాద్)
అందరికీ నమస్కారం. పోయిన ఆదివారం మా అక్క కూతుర్ని తీసుకుని ఒక పక్షుల దుకాణానికి వెళ్ళాను. పాపకు తొమ్మిదేళ్ళు. పసుపు కెనరీల మధ్య ఒక పంజరంలో నారింజ కలిసిన ఎరుపులో రెండు కెనరీలు కనిపించాయి. “మామయ్యా, ఇవెందుకు ఎర్రగా ఉన్నాయి?” అని అడిగింది. దుకాణంలో ఉన్న పెద్దాయన “రంగు మేత పెడతామమ్మా” అన్నారు. “మరి పసుపువాటికి పెడితే అవీ ఎర్రగా అవుతాయా?” అంది. ఆయన దగ్గర జవాబు లేదు, నా దగ్గరా లేదు.

ఇంటికొచ్చి రాత్రి ఒంటిగంట దాకా చదివాను. ఆ ఎరుపు కెనరీలది కానే కాదట. దక్షిణ అమెరికా ఉత్తర అంచున బతికే రెడ్ సిస్కిన్ అనే చిన్న పిట్ట నుంచి వచ్చింది. వెనిజులాలో దాన్ని కార్డెనలీతో అంటారు, అంటే ‘బుల్లి కార్డినల్’ అని. పొడవు పది సెంటీమీటర్లు, మన పిచ్చుక కంటే చిన్నది. మగదానికి తల, గొంతు నల్లగా ముసుగు వేసినట్టుంటాయి, రెక్కల్లో, తోకలో కాస్త నలుపు తప్ప మిగతా ఒళ్ళు చాలావరకు నిప్పు కణిక. ఆడది బూడిద రంగులో ఉండి రొమ్ము మీద, నడుము మీద కాస్త ఎరుపు పూసుకుంటుంది. శాస్త్రనామం స్పైనస్ కుకులేటస్. కుకులేటస్ అంటే ముసుగు ఉన్నది అని. విలియం స్వెయిన్సన్ 1820లో దీన్ని వర్ణించాడు.

ఇప్పుడది ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ వేసే ఎర్ర జాబితాలో ‘అంతరించే ప్రమాదంలో ఉన్న’ జాతి. ఒకప్పుడు ఉత్తర వెనిజులా కొండపాదాల్లో గుంపులుగా ఉండేది. అక్కడ ఇప్పుడు కొన్ని చోట్ల మాత్రమే మిగిలింది. ట్రినిడాడ్‌లో కనబడకుండా పోయింది. కొలంబియా సరిహద్దులో కూకుటా దగ్గర కొద్దిగా ఉన్నాయి. ముచ్చటపడి కొనుక్కునే ఎర్ర కెనరీ వెనక ఇంత కథ ఉందని నాకు తెలియదు. ఇక్కడ కెనరీలు పెంచేవాళ్ళున్నారు, పక్షుల్ని చూసేవాళ్ళున్నారు. తెలిసింది చెప్పండి.

కెనరీగూడు (విజయవాడ)
గోదారిపిట్ట గారూ, పదహారేళ్ళుగా కెనరీలు పెంచుతున్నాను కాబట్టి పాప ప్రశ్నకు జవాబు నేను చెప్తాను. పసుపు కెనరీకి ఎంత రంగు మేత పెట్టినా నిజమైన ఎరుపు రాదు. మేతలో రంగు ఉండాలి, దాన్ని వాడుకునే గుణం ఒంట్లోనూ ఉండాలి. ఆ గుణం సిస్కిన్ ఇచ్చిందే.

1920ల్లో జర్మనీలోని బ్రేమెన్ ఊళ్ళో హన్స్ డుంకర్ అనే స్కూల్ టీచరు ఉండేవాడు. కార్ల్ రైక్ అనే కెనరీల పెంపకందారుతో కలిసి, ఎర్ర కెనరీని పుట్టించి తీరాలని పట్టుపట్టాడు. మగ సిస్కిన్‌ను ఆడ కెనరీతో జత కట్టించారు. పుట్టిన పిల్లలు రాగి రంగులో ఉంటాయి. మా పెంపకందార్లం ఇప్పటికీ ‘కాపర్’ అనే అంటాం. వాటిలో ఆడవి దాదాపు గొడ్డుపోతాయి, మగవాటిలో కొన్నిటికే సంతానం కలుగుతుంది. ఆ మగవాటిని మళ్ళీ కెనరీలతో, వాటి పిల్లల్ని మళ్ళీ కెనరీలతో, ఇలా తరాల తరబడి జతకట్టించాలి. డుంకర్‌కు నారింజ రంగు దాకా వచ్చి ఆగిపోయింది. జన్యువు ఒక్కటీ ఉంటే చాలనుకున్నాడు. తిండి సంగతి తర్వాతివాళ్ళకు తెలిసింది.

పెంచేవాళ్ళందరి తరఫునా ఒక మాట. నా దగ్గరున్నవన్నీ పంజరంలో పుట్టినవే. వాటి తాతముత్తాతలూ అంతే. అడవిలోంచి పట్టిన పిట్టను నేను చూడనైనా లేదు. కానీ ఆ మొదటి జతల కోసం, ఆ తర్వాత దశాబ్దాల తరబడి ఎన్ని సిస్కిన్లను పట్టి ఓడల్లో పంపారో తలచుకుంటే బాధగానే ఉంటుంది.

జన్యుపాఠం (బెంగళూరు)
కెనరీగూడు గారు చెప్పిన ‘ఒంట్లో గుణం’ ఏమిటో 2016లో తేలింది. ఎర్ర కెనరీ జన్యువుల్లో సిస్కిన్ నుంచి వచ్చిన ముక్క ఏదో వెతికితే సీవైపీ2జే19 అనే జన్యువు దొరికింది. అదే సమయంలో జీబ్రా ఫించ్ అనే చిన్న పిట్ట ముక్కు ఎరుపు మీద పనిచేసిన వేరే బృందమూ అదే జన్యువు దగ్గరికి చేరింది. ఈ జన్యువు తయారుచేసే ఎంజైము గింజల్లో, ఆకుల్లో దొరికే పసుపు పదార్థాన్ని ఎరుపుగా మారుస్తుంది.

నన్ను బాగా ఆకట్టుకున్న సంగతి ఇంకోటుంది. ఆ జన్యువు మామూలు పసుపు కెనరీకి కూడా ఉంది, కానీ కంటిలో పనిచేస్తుంది. పక్షుల కంటిలో రంగుల్ని విడదీసి చూడటానికి సన్నని నూనె చుక్కలుంటాయి. వాటిలో ఎర్ర చుక్కలకు రంగు ఇచ్చేది ఇదే. సిస్కిన్‌లో అది చర్మంలోనూ గట్టిగా పనిచేసి ఈకల దాకా ఎరుపును తెచ్చింది. పాపకు ఇలా చెప్పండి: పసుపు కెనరీ ఎరుపును కంట్లో దాచుకుంది, సిస్కిన్ ఒళ్ళంతా కప్పుకుంది.

ఏకశిల (వరంగల్)
చదవడానికి బాగుంది. కానీ మనసులో మాట చెప్తాను. మా ఊరి చెరువు గట్టున తుమ్మలు కొట్టేశాక గిజిగాడి గూళ్ళు లేవు. మునియాల్ని వలేసి పట్టి, రంగులు పూసి అమ్మేవాళ్ళను నా చిన్నప్పుడు చూశాను. మన పిట్టల సంగతి ఎవరికీ పట్టదు. ఎక్కడో వెనిజులాలో ఉన్న పిట్ట కోసం మనం టెన్షన్ పడి ఏం లాభం?

గోదారిపిట్ట
ఏకశిల అన్నా, మీ కోపం నాకర్థమైంది. ఆ మునియాల కథే ఇది, దేశం వేరంతే. అక్కడా అలాగే పట్టి అమ్మేవాళ్ళు. పాడే మగపిట్టను మిగతావాటికి ఎరగా (దీమంగా) పంజరంలో పెడతారు. గుంపుగా తిరిగే జాతి కదా, దాని గొంతు విని మిగతావి వస్తాయి. కొమ్మకు రాసిన బంకకు కాళ్ళు అంటుకుంటాయి. కలిసి తిరిగే పిట్టకు ఆ కలివిడితనమే మృత్యువైంది. వెనిజులాలో 1940ల నుంచే చట్టం దీన్ని కాపాడుతోంది, అయినా పట్టడం ఆగలేదు. ఒక కొండవాలున పట్టేసి, అక్కడ అయిపోతే ఇంకో కొండకు పోయారు. ఆ దేశపు వంద బొలివార్ల నోటు వెనక దీని బొమ్మ వేశారు. నోటు మీద అందరికీ తెలిసిన పిట్టను అడవిలో చూసినవాళ్ళు బహు కొద్దిమంది.

ఇప్పుడు అసలు విషయం. 2000 ఏప్రిల్‌లో అమెరికాలోని కాన్సస్ విశ్వవిద్యాలయం, స్మిత్సోనియన్ సంస్థల పరిశోధకులు వెనిజులా పక్కనున్న గయానా దేశపు దక్షిణాన రుపునుని గడ్డిమైదానాల్లో పనిచేస్తుంటే ఎర్ర పిట్టలు కనిపించాయి. చూస్తే సిస్కిన్లు! తెలిసిన చోట్ల నుంచి దాదాపు వెయ్యి కిలోమీటర్ల దూరం. అక్కడ ఉంటాయని పుస్తకాల్లో ఎక్కడా లేదు. ఎవరైనా అయితే మర్నాడే పత్రికలకు చెప్పేవాళ్ళు. వీళ్ళు చెప్పలేదు. మాట బయటికి పొక్కితే పిట్టలు పట్టేవాళ్ళు ముందు చేరతారని, గయానా ప్రభుత్వం రక్షణ ఏర్పాట్లు చేసుకునేదాకా మూడేళ్ళు నోరు మెదపలేదు. 2003లో గానీ ‘ది ఆక్’ అనే పక్షిశాస్త్ర పత్రికలో వ్యాసం రాలేదు. జీవితంలో ఒక్కసారి దొరికే అలాంటి కబురును మూడేళ్ళు కడుపులో దాచుకున్నారంటే, ఆ పిట్ట మీద వాళ్ళకున్న ప్రేమకు నేను చేతులెత్తి దండం పెడతాను.

ఈలోగా 2002లో ఆ ప్రాంతపు మనుషులే సౌత్ రుపునుని కన్సర్వేషన్ సొసైటీ అని పెట్టుకున్నారు. వాపిషాన అనే ఆదివాసీ ఊళ్ళ నుంచి రేంజర్లుగా వచ్చి సిస్కిన్లు ఎక్కడ తింటున్నాయి, ఎక్కడ గూడు కడుతున్నాయి అని రాసిపెడుతున్నారు. కాపలా కాసేది ఆ నేల మీద పుట్టినవాళ్ళే.

క్వీన్స్‌లో_తెలుగు (న్యూయార్క్)
గయానా పేరు వినగానే రాయాలనిపించింది. నేను ఉండే పేటకు దగ్గర్లో రిచ్‌మండ్ హిల్ అని ఉంది. గయానా నుంచి వచ్చిన భారత సంతతివాళ్ళు ఎక్కువ. వాళ్ళ పూర్వీకుల్ని చెరకు తోటల పనికి తీసుకెళ్ళారు. చాలామంది కలకత్తా రేవు నుంచి, కొంతమంది మద్రాసు రేవు నుంచి. ఆ రెండోవాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు.

ఆదివారం పొద్దున్నే కొంతమంది చిన్న పంజరం చేత్తో పట్టుకుని పార్కుకు వెళ్తుంటారు. లోపల ఉండేది టోవా టోవా అనే ఫించ్. ఇది మీరు చెప్పే సిస్కిన్ కాదు, వేరే జాతి. రెండు పంజరాలు పక్కపక్కన పెట్టి ఏది ముందుగా 50 కూతలు కూస్తే దానిది గెలుపు. పందేలూ కాస్తారు. ఒక పెద్దాయన నాతో “మా నాన్న పిట్ట పంజరం చేత పట్టుకుని పనికి వెళ్ళేవాడు, నేను అక్కడే నేర్చుకున్నాను” అని చెప్పారు. ఆయన కళ్ళలో తడి చూశాక ఇది వట్టి పందెం అని కొట్టెయ్యలేకపోయాను. ఊరు వదిలి వచ్చినవాళ్ళకు ఊరి గొంతు అది.

కానీ రెండో వైపూ ఉంది. అమెరికాలో పుట్టిన పిట్ట కంటే గయానా అడవిలో పట్టిందే బాగా పాడుతుందని నమ్మకం. అందుకే ఒక్కో పిట్టకు వేల డాలర్లు పలుకుతుంది. ఆడవాళ్ళు జుట్టుకు చుట్టుకునే ప్లాస్టిక్ కర్లర్లు తెలుసు కదా, ఒక్కోదానిలో ఒక్కో పిట్టను దూర్చి రెండు వైపులా గుడ్డ కట్టి, కోటు లోపల దాచి విమానంలో తెస్తారు. 2021 ఏప్రిల్‌లో కెనెడీ విమానాశ్రయంలో ఒకే మనిషి దగ్గర ఇలా 35 పిట్టలు దొరికాయి. ఆ వార్త చదివిన రోజు అన్నం సహించలేదు.

రుపునుని మాత్రం వీళ్ళు వచ్చిన గయానా తీరప్రాంతం నుంచి చాలా దూరం. అక్కడ ఉండేది ఆదివాసులు, పశువుల కాపర్లు. బహుశా ఆ దూరమే సిస్కిన్లను ఇన్నాళ్ళు కాపాడిందేమో.

న్యాయవాది_పక్షిప్రేమి (కర్నూలు)
చట్టం సంగతి క్లుప్తంగా. అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందం మొదటి అనుబంధంలో రెడ్ సిస్కిన్ ఉంది. అంటే అడవిలో పట్టినదాన్ని దేశాల మధ్య వ్యాపారానికి తిప్పడం నిషిద్ధం. మన దేశంలో వన్యప్రాణి చట్టానికి 2022లో చేసిన సవరణతో సైటీస్ జాతులన్నీ చట్టం నాలుగో షెడ్యూల్లోకి వచ్చాయి. ఎవరైనా “సిస్కిన్ జత ఉంది, తక్కువకే ఇస్తాను” అని మెసేజ్ పెడితే కాగితాలు అడగండి. లేకపోతే దూరంగా ఉండండి. మామూలు కెనరీకి ఈ బెడద లేదు.

ఏకశిల గారూ, మన మునియాల వ్యాపారం 1990-91 నుంచీ పూర్తిగా నేరం. మీరు చూసినట్టు రంగులు పూసి అమ్మడం ఇప్పటికీ అక్కడక్కడా జరుగుతోంది. కనిపిస్తే అటవీ శాఖకు ఫోన్ చెయ్యండి. జాలిపడి డబ్బిచ్చి వదిలించకండి, ఆ డబ్బుతో మర్నాడు ఇంకో వల వస్తుంది.

కెనరీగూడు
ఒక సందేహం. యూరప్‌లో సిస్కిన్లను పంజరాల్లో తరతరాలుగా పెంచుతున్నారు. అడవిలో ఉన్నవాటి కంటే అక్కడివే ఎక్కువనిపిస్తుంది. వాటిని తీసుకెళ్ళి వెనిజులా అడవిలో వదిలేస్తే సరిపోదా? మా పెంపకందార్ల వల్ల పోయింది, మా వల్లే తిరిగి వచ్చిందని చెప్పుకోవచ్చు కదా. నిజంగా అడుగుతున్నాను.

జన్యుపాఠం
మంచి ప్రశ్న అన్నా. సూటిగా చెప్తాను. మొదటి ఇబ్బంది రక్తం. సిస్కిన్ గుణాన్ని కెనరీలోకి ఎలా తెచ్చారో మీరే చెప్పారు. అదే దారిలో కెనరీల గుణాలు, ఇతర సిస్కిన్ జాతుల గుణాలు పంజరాల్లోని సిస్కిన్లలోకీ వచ్చి చేరాయి. పైకి ఎర్రగానే ఉంటుంది, లోపల ఏముందో డీఎన్ఏ చూస్తే గానీ తెలియదు. అడవిలో మిగిలిన కొద్దివాటిలో ఈ కలగాపులగం కలిస్తే మళ్ళీ విడదీయలేం. రెండోది రోగాలు. మూడోది నాకు అన్నిటికన్నా పెద్దదనిపిస్తుంది: పంజరంలో పుట్టింది గద్దను చూసి దాక్కోవడం, ఏ నెలలో ఏ చెట్టు కాస్తుందో వెతుక్కోవడం ఎవరి దగ్గర నేర్చుకుంటుంది? సిస్కిన్ ఒక చోట నిలకడగా ఉండదు. తేమ అడవి, ఎండు అడవి, తుప్పలున్న గడ్డినేల మధ్య కాలాన్ని బట్టి తిరుగుతుంది.

అలా అని మీ ఆలోచన తప్పు కాదు. వెనిజులాలో ప్రొవీటా అనే సంస్థ, స్మిత్సోనియన్ వంటివి కలిసి ‘రెడ్ సిస్కిన్ ఇనిషియేటివ్’ పేరుతో పనిచేస్తున్నాయి. జన్యువుల పరీక్షతో స్వచ్ఛమైనవాటిని ఏరి, పెంచి, నేర్పి, అప్పుడు వదలాలన్నది వాళ్ళ దారి. పెంచడంలో చెయ్యి తిరిగినవాళ్ళ అనుభవం దానికి అవసరం. ఆడపిట్ట గుడ్ల మీద ఎప్పుడు బెదురుతుందో, పిల్లలకు ఏ గింజ నానబెట్టి పెట్టాలో మీలాంటివాళ్ళకు తెలిసినంత మాకు తెలియదు.

కెనరీగూడు
అర్థమైంది. ఇన్నేళ్ళలో పంజరం పిట్ట అడవికి పోతే ఏం నేర్చుకోవాలో నేనెప్పుడూ ఆలోచించలేదు. థ్యాంక్స్.

కాఫీచెట్టునీడ (పాడేరు)
ఇక్కడ రాయడం మొదటిసారి. మాది పాడేరు దగ్గర చిన్న ఊరు. ఎకరంన్నర కాఫీ ఉంది. రెడ్ సిస్కిన్ గురించి వెతికితే కాఫీ రైతుల ఫోటోలు వచ్చాయి. పిట్టకూ కాఫీకీ సంబంధం ఏంటండీ? మాకు కాఫీ అంటే నీడ చెట్ల కిందే. మా తాత వాళ్ళు ఉన్న అడవి చెట్ల కిందే నాటారు, పనస, నేరేడు, మామిడి అలాగే ఉన్నాయి. తర్వాత వేసిన పక్క తోటలో అన్నీ సిల్వర్ ఓక్ చెట్లే. తొందరగా పెరుగుతుంది, మిరియం తీగ నిటారుగా ఎక్కుతుంది, కోతకు వీలు. ఎవరినీ తప్పు పట్టలేం, ఆదాయం కావాలి కదా. కానీ రెండు తోటల్లో పొద్దున్నే నిలబడితే తేడా చెవులకే తెలుస్తుంది. మా తోటలో మాట వినబడనంత గోల.

గోదారిపిట్ట
తమ్ముడూ, నువ్వు రాసిందే అసలు సంబంధం! ఉత్తర వెనిజులా కొండల మీద కాఫీ ఎన్నో తరాల పంట, అదీ నీడలోనే. సిస్కిన్ తిరిగే ఎత్తూ, కాఫీ పండే ఎత్తూ చాలా చోట్ల ఒకటే. అడవి పోయినా నీడ చెట్లున్న తోట దానికి అడవిలాంటిదే. ధర పడిపోయి రైతు ఆ చెట్లు కొట్టేసి ఇంకేదైనా వేస్తే పిట్టకు నిలువ నీడ ఉండదు.

అందుకే ప్రొవీటా వాళ్ళు పిట్ట దగ్గర కాకుండా రైతు దగ్గర మొదలుపెట్టారు. స్మిత్సోనియన్ వాళ్ళది ‘బర్డ్ ఫ్రెండ్లీ’ అనే ముద్ర ఉంది. రసాయనాలు వాడకూడదు, తోటలో కనీసం 40 శాతం నీడ ఉండాలి, నీడ చెట్లు ఒకే రకం కాకుండా పదికి తగ్గకుండా జాతులుండాలి, పై కొమ్మలు ఎత్తుగా ఉండాలి. ఆ ముద్ర ఉన్న కాఫీకి ఎక్కువ ధర వస్తుంది. వెనిజులాలో ఎంత గడ్డుకాలం నడిచిందో మనం వార్తల్లో చూశాం. ఇంట్లో బియ్యం లేనివాడికి ఒక పిట్టను పట్టి అమ్మితే నెల గడుస్తుందంటే, పట్టొద్దని ఉపన్యాసం చెప్పి ఏం లాభం? చెట్టు నిలబెట్టినందుకు చేతికి డబ్బు రావాలి. నాకు ఈ మొత్తం కథలో నమ్మకం కలిగించిన భాగం ఇదే.

ఏకశిల
పొద్దున నేను అడిగినదానికి నేనే జవాబు రాస్తున్నాను. మీ గయానా కథ చదువుతుంటే మన కలివికోడి గుర్తొచ్చింది. 1900 తర్వాత 86 ఏళ్ళు ఎవరికీ కనబడలేదు, అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా సిద్దవటం వైపు రెడ్డిపల్లె దగ్గర మళ్ళీ దొరికింది. దాన్ని పట్టింది పెద్ద చదువులు చదివినవాడు కాదు, ఐతన్న అనే పిట్టలు పట్టే మనిషి. దాని కోసమే లంకమల అభయారణ్యం వచ్చింది. రుపునునిలో వాపిషానవాళ్ళు, మన దగ్గర ఐతన్న. పిట్ట జాడ తెలిసినవాడిని కలుపుకున్న చోటే పని జరిగింది. చెరువు గట్టు సంగతి మా పంచాయతీలో అడుగుతాను. తుమ్మ విత్తనాలు ఎక్కడైనా దొరుకుతాయి.

క్వీన్స్‌లో_తెలుగు
ఏకశిల గారూ, ఈత చెట్లు కూడా వెయ్యండి. గిజిగాడికి గూడు వేలాడేసుకోవడానికి నీళ్ళ మీదికి వంగిన ఆకు ఇష్టం. మా అమ్మమ్మగారి ఊళ్ళో బావి మీద ఈత చెట్టుకే ఉండేవి.

కాఫీచెట్టునీడ
గోదారిపిట్ట అన్నా, చెట్ల జాతులు పది ఉండాలన్నారు కదా. ఇందాక నాన్నతో కలిసి మా తోటలో లెక్కపెట్టాం. పద్నాలుగు వచ్చాయి, రెండింటి పేర్లు నాన్నకు కువి భాషలోనే తెలుసు. పక్క తోటలో సిల్వర్ ఓక్‌తో కలిపినా మూడే. పిట్టల పేర్లు మాత్రం నాకు పికిలిపిట్ట, గోరింక, వంగపండు, ఇంకో నాలుగైదు తప్ప తెలియవు. మిగతావి గొంతు గుర్తుపడతాను, పేరు చెప్పలేను. ఎవరైనా వస్తే చూపిస్తాను.

గోదారిపిట్ట
నేనొస్తాను తమ్ముడూ. దసరా సెలవుల్లో పాపను కూడా తీసుకొస్తాను. సిస్కిన్ బొమ్మ గీసి ఫ్రిజ్‌కు అంటించింది, కంట్లో కూడా ఎర్ర చుక్క పెట్టింది. ఎన్నింటికి రావాలి?

కాఫీచెట్టునీడ
ఐదున్నరకల్లా తోటలో ఉండాలన్నా. ముందు రోజు రాత్రికే మా ఇంటికి వచ్చెయ్యండి. స్వెట్టర్లు మర్చిపోకండి, పొద్దున మంచు బాగా పడుతుంది.